తరగతి బోధనలో డిజిటల్ సాధనాలు

పాఠం చెప్పడానికి, అభ్యాసం చేయించడానికి, పిల్లలకు ఎంతవరకు అర్థమైందో తెలుసుకోవడానికి ఉపాధ్యాయులు వాడే కంప్యూటర్లు, తెరలు, సాఫ్ట్‌వేర్లు, ఆన్‌లైన్ పాఠ్యసామగ్రి అన్నింటినీ కలిపి డిజిటల్ బోధన సాధనాలు అంటారు. ప్రొజెక్టర్‌పై చూపే ఐదు నిమిషాల వీడియో, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్, కంప్యూటర్ తెర మీద చేసే ప్రయోగం, ట్యాబ్‌లో నడిచే లెక్కల అభ్యాసం, ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపు ఇవన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఉపాధ్యాయుడి ప్రమేయం లేకుండా ఇంటి దగ్గర సాగే పూర్తి ఆన్‌లైన్ చదువు వేరే అంశం. ఈ వ్యాసం పాఠశాల స్థాయి బోధనకు, ప్రధానంగా భారతదేశంలోని, అందులోనూ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల అనుభవానికి పరిమితం. పరికరం ఎంత కొత్తది, ఎంత ఖరీదైనది అన్నదానికంటే ఉపాధ్యాయుడు దాన్ని పాఠంలో ఎక్కడ, ఏ ప్రశ్నకు జోడించాడన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుందని ఇప్పటిదాకా జరిగిన ప్రయోగాలు, పరిశోధనలు చెబుతున్నాయి.

చరిత్ర

మన పల్లె బడుల్లోకి తెర మొదట ఉపగ్రహం ద్వారా వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు 'సైట్' పేరుతో ఒక ప్రయోగం జరిగింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. ఆ ఆరింటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం పూట బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు తెలుగులో కార్యక్రమాలు వచ్చేవి. సెలవుల్లో ఇదే ఏర్పాటుతో ప్రాథమిక ఉపాధ్యాయులకు శిక్షణ కూడా ఇచ్చారు. 1983లో ఇన్‌శాట్-1బీ కక్ష్యలోకి చేరాక విద్యా ప్రసారాలకు సొంత ఉపగ్రహ మార్గం దొరికింది. కార్యక్రమాలు తయారుచేయడానికి ఆరు రాష్ట్రాల్లో రాష్ట్ర విద్యా సాంకేతిక సంస్థలు వెలిశాయి. వాటిలో ఒకటి హైదరాబాద్‌లో ఏర్పడింది.

కంప్యూటర్ బడికి చేరింది కూడా దాదాపు అప్పుడే. 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద ఎంపిక చేసిన పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఆ రోజుల్లో కంప్యూటర్ గురించి నేర్పడమే లక్ష్యం. దానితో లెక్కలో సైన్సో నేర్పాలన్న ఆలోచన బలపడింది తరువాతి కాలంలోనే. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ రాకెట్ ఎడ్యుశాట్‌ను కక్ష్యలోకి చేర్చింది. విద్య కోసమే ఉద్దేశించిన తొలి భారతీయ ఉపగ్రహం ఇది. అదే ఏడాది డిసెంబరులో మొదలైన 'ఐసీటీ ఎట్ స్కూల్' పథకం ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబ్‌లకు దారి వేసింది.

ఉమ్మడి రాష్ట్రంలో 'మన టీవీ' ఉపగ్రహ పాఠాలు ప్రసారం చేసేది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో అదే 2017లో టీ-శాట్‌గా మారింది. అంతకు ముందు, 2016 నవంబరులో, తెలంగాణ ప్రభుత్వం ఉన్నత పాఠశాలల్లో డిజిటల్ తరగతులు ప్రారంభించింది. కంప్యూటర్, ప్రొజెక్టర్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఇమిడిన కె-యాన్ పరికరం పేరు ఉపాధ్యాయులకు పరిచయమైంది ఈ కాలంలోనే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన 'నాడు-నేడు' పథకం తరువాతి దశల్లో ఉన్నత పాఠశాలల తరగతి గదుల్లో వేలితో తాకి రాయగలిగే ఐఎఫ్‌పీ ప్యానెళ్లు, ప్రాథమిక పాఠశాలల్లో స్మార్ట్ టీవీలు బిగించారు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు పాఠాలు ముందే నింపిన ట్యాబ్‌లు పంపిణీ చేశారు.

2020లో కరోనా వల్ల బడులు మూతపడటంతో రెండు రాష్ట్రాలూ మళ్లీ టీవీని ఆశ్రయించాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ఛానల్లో 'విద్యావారధి' పాఠాలు వచ్చాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో తరగతులవారీగా పాఠాలు ప్రసారమయ్యాయి. కేంద్రం అదే ఏడాది మే నెలలో 'పీఎం ఈ-విద్య' కింద ఒక్కో తరగతికి ఒక్కో టీవీ ఛానల్ ప్రకటించింది. 2022 బడ్జెట్‌లో ఆ ఛానళ్లను 12 నుంచి 200కు పెంచుతామని చెప్పింది.

సాధనాల రకాలు

తరగతిలో వాడే డిజిటల్ సాధనాలను అవి చేసే పనిని బట్టి నాలుగు రకాలుగా చూడవచ్చు.

మొదటి రకం చూపించేవి. ప్రొజెక్టర్, స్మార్ట్ టీవీ, ఐఎఫ్‌పీ ప్యానెల్ ఇందులోకి వస్తాయి. ఐఎఫ్‌పీ అంటే వేలితో తాకి రాయగలిగే పెద్ద తెర. నల్లబల్ల మీద రాసినట్టే రాయవచ్చు. రాసింది దాచుకుని మర్నాడు అక్కడి నుంచే పాఠం కొనసాగించవచ్చు. గుండె కవాటాలు తెరుచుకుని మూసుకునే తీరు, గ్రహణం పట్టే క్రమం, అగ్నిపర్వతం బద్దలవడం వంటి కదలికతో ముడిపడిన అంశాలకు ఈ సాధనాలు బాగా పనికొస్తాయి. సూక్తులు, నిర్వచనాలు, ప్రశ్నజవాబులు తెర మీద చూపి నోట్సు రాయించడానికి వాడితే మాత్రం నల్లబల్ల కంటే ఎక్కువగా ఇవి చేసేదేమీ లేదు.

రెండో రకం సామగ్రి భాండాగారాలు. 2013 ఆగస్టులో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యా వనరుల భాండాగారం, 2017 సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం నాడు ప్రారంభమైన దీక్షా వేదిక మన దేశంలో ముఖ్యమైనవి. దీక్షా ఆధారంగానే పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. పాఠం మొదట్లో ఉన్న చదరపు గుర్తును ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు తెరుచుకుంటాయి. కెమెరా సరిగా పనిచేయని ఫోన్లో గుర్తు కింద అచ్చైన ఆరు అక్షరాల కోడ్ టైపు చేసినా చాలు. సల్మాన్ ఖాన్ అనే భారత-బంగ్లాదేశ్ మూలాలున్న అమెరికన్ విద్యావేత్త 2008లో స్థాపించిన ఖాన్ అకాడమీ కూడా ఈ రకానిదే.

మూడో రకం ప్రయోగం చేయించేవి. భౌతికశాస్త్ర నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ అనుకరణలు, మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆస్ట్రియాలో రూపొందించడం మొదలుపెట్టిన జియోజెబ్రా, అమృత విశ్వవిద్యాపీఠం, ముంబై సీడాక్ కలిసి తయారుచేసిన ఓల్యాబ్స్, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2007లో విడుదల చేసిన స్క్రాచ్ ప్రోగ్రామింగ్ భాష ఇందుకు ఉదాహరణలు. త్రిభుజంలోని కోణాల మొత్తం 180 డిగ్రీలని పుస్తకం ఒకే త్రిభుజం గీసి చెబుతుంది. జియోజెబ్రాలో ఒక శీర్షాన్ని పట్టి లాగితే కోణాలు మూడూ మారుతూ మొత్తం మాత్రం మారకపోవడం పిల్లలు కళ్లారా చూస్తారు. ఎన్ని త్రిభుజాలకు చూసినా అది రుజువు కాదని, రుజువు వేరే కావాలని చెప్పడానికి కూడా ఉపాధ్యాయుడికి అదే మంచి అదను.

నాలుగో రకం అభ్యాసం చేయించి, వచ్చిందో లేదో చెప్పేవి. గూగుల్ ఫామ్స్, కహూట్ వంటి క్విజ్ సాధనాలు, విద్యార్థి జవాబును బట్టి తరువాతి ప్రశ్న స్థాయిని మార్చే సాఫ్ట్‌వేర్లు ఈ కోవలోనివి.

పాఠంలో వాడే తీరు

హైస్కూలు విద్యుత్ పాఠంలో పిల్లలకు సాధారణంగా ఉండే ఒక అపోహ ఉంది. రెండు బల్బులను ఒకదాని తరువాత ఒకటి శ్రేణిలో కలిపితే మొదటి బల్బు కరెంటు కొంత 'తినేస్తుందని', అందుకే రెండోది మసగ్గా వెలుగుతుందని వాళ్లు అనుకుంటారు. ఫెట్‌లోని వలయ నిర్మాణ అనుకరణలో బ్యాటరీ, బల్బులు, తీగలు, స్విచ్ ఒక పక్కన పేర్చి ఉంటాయి. వాటిని లాగి వలయం కట్టవచ్చు. తీగల్లో నీలం చుక్కలుగా ఎలక్ట్రాన్లు కదులుతుంటాయి.

ఉపాధ్యాయుడు వలయాన్ని ముందే కట్టి చూపిస్తే అది ఒక బొమ్మ మాత్రమే. స్విచ్ వేయక ముందు ఆగి, 'ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది? నోట్సులో రాయండి, కారణం కూడా రాయండి' అంటే తరగతి రెండు మూడు వర్గాలుగా చీలుతుంది. తరువాత స్విచ్ వేస్తే రెండు బల్బులూ సమానంగా వెలుగుతాయి. అమ్మీటరు ఎక్కడ పెట్టినా ఒకే రీడింగు చూపుతుంది. తన ఊహకు, కళ్లముందు జరిగినదానికి తేడా ఎందుకు వచ్చిందో పిల్లవాడు వివరించాల్సి వస్తుంది. ఊహించడం, చూడటం, వివరించడం అనే ఈ మూడు మెట్ల పద్ధతిని ఆస్ట్రేలియా విద్యావేత్తలు రిచర్డ్ వైట్, రిచర్డ్ గన్‌స్టోన్ ప్రచారంలోకి తెచ్చారు. వలయాన్ని సమాంతర సంధానంలోకి మార్చి ఇదే ప్రశ్న మళ్లీ అడగవచ్చు. బ్యాటరీ రెండు కొనలను నేరుగా తీగతో కలిపితే తెర మీద మంట కనిపిస్తుంది. షార్ట్ సర్క్యూట్‌ను ప్రమాదం లేకుండా చూపే అవకాశం ఇక్కడ దొరుకుతుంది.

ఈ అనుకరణకు పరిమితులూ ఉన్నాయి. ఇందులోని బ్యాటరీకి మొదట అంతర్నిరోధం దాదాపు ఉండదు. అందుకే సమాంతరంగా ఎన్ని బల్బులు కలిపినా వెలుగు తగ్గదు. టార్చి సెల్లుతో నిజంగా చేస్తే కొద్దిగా తగ్గుతుంది. రెండూ పక్కపక్కన చేయించి తేడా అడిగితే అంతర్నిరోధం పాఠానికి అదే ఆరంభమవుతుంది. తెర మీది ప్రయోగం బల్ల మీది ప్రయోగానికి ముందో వెనకో రావాలి తప్ప దాని స్థానాన్ని ఆక్రమించకూడదని సైన్సు ఉపాధ్యాయులు అనడం ఇందుకే.

వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ప్రతి విద్యార్థి చేతిలో పరికరం ఉండనక్కర్లేదు. ప్లికర్స్ అనే పద్ధతిలో ప్రతి పిల్లవాడి దగ్గరా ఒక్కో రకం నల్లని గళ్లు అచ్చువేసిన కాగితపు కార్డు ఉంటుంది. కార్డు నాలుగు అంచులకూ ఏ, బీ, సీ, డీ అని ఉంటుంది. తన జవాబు అక్షరం పైకి వచ్చేలా పట్టుకుంటే చాలు. ఉపాధ్యాయుడు ఫోన్ కెమెరాతో తరగతినంతా ఒకసారి చూస్తే ఎవరు ఏ జవాబిచ్చారో నమోదవుతుంది. పక్కవాడి కార్డు చూసినా అక్షరాలు చిన్నవి కాబట్టి జవాబు తెలియదు. చేతులెత్తమంటే ఎప్పుడూ ముందు బెంచీల వాళ్లే ఎత్తే తరగతిలో వెనక బెంచీ పిల్లల జవాబు తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది. ముప్పై మందిలో ఇరవై మంది ఒకే తప్పు జవాబు ఎంచుకుంటే పాఠం ముందుకు పోకూడదని అర్థం. ఆ క్షణంలో నిర్ణయం తీసుకోవాల్సింది ఉపాధ్యాయుడే.

ఇలాంటి పాఠానికి విషయం తెలిసి ఉండటం, బోధించే ఒడుపు, సాధనం మీద పట్టు మూడూ కలిసి రావాలి. 2006లో పున్యా మిశ్రా, మాథ్యూ కోలర్ ఈ కలయికను ఒక సిద్ధాంత చట్రంగా ప్రతిపాదించారు. సాఫ్ట్‌వేర్‌లో ఏ మీట ఎక్కడుందో చెప్పి ముగించే ఒకరోజు శిక్షణలు ఈ మూడింటిలో ఒకదాన్నే అందిస్తాయి.

తెలుగులో వనరులు

1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు లిపి చేరింది. అయినా అచ్చురంగం చాలా ఏళ్లు అను వంటి పాత ఫాంట్లతోనే నడిచింది. ఆ ఫాంట్లతో కూర్చిన పాఠ్యపుస్తకం పీడీఎఫ్‌గా అందుబాటులో ఉన్నా అందులోంచి ఒక పేరా కాపీ చేసి వేరేచోట అతికిస్తే పొంతనలేని గుర్తులు వస్తాయి. పదాన్ని వెతకడం, అంధ విద్యార్థికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను వాడటం కుదరదు. పుస్తకం తెర మీదికి వచ్చినంత మాత్రాన డిజిటల్ వనరు అయిపోదనడానికి ఇదొక నిదర్శనం.

చిన్న తరగతులకు తెలుగులో చదివే సామగ్రి మెరుగ్గా ఉంది. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు ఉచితంగా చదవవచ్చు. సార్వత్రిక లైసెన్సు ఉండటంతో ఉపాధ్యాయులు వాటిని అనువదించి, అచ్చు తీసుకుని, మార్చుకుని వాడుకోవచ్చు. పిల్లవాడు పైకి చదువుతుంటే విని తప్పు పలికిన మాటను గుర్తించే గూగుల్ రీడ్ ఎలాంగ్ తెలుగులోనూ పనిచేస్తుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, దాని సోదర ప్రాజెక్టు వికీసోర్స్ పెద్ద తరగతుల పిల్లలకు, ప్రాజెక్టు పనులకు ఆధారాలు. ఫెట్ అనుకరణల్లో కొన్నిటికి తెలుగు అనువాదాలున్నాయి.

కొరత ఎక్కువగా కనిపించేది ఆరు నుంచి పది తరగతుల సైన్సు, లెక్కల్లో. యూట్యూబ్‌లో తెలుగు పాఠాలు కొల్లలుగా ఉన్నా వాటిలో చాలావరకు పరీక్ష ప్రశ్నలకు జవాబులు చెప్పేవే. పైగా తెలుగు, ఇంగ్లిష్ పారిభాషిక పదాల మధ్య విద్యార్థి నలుగుతున్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి కొన్ని తరగతులకు ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో మరో భాష ఉండే ద్విభాషా పుస్తకాలు తెచ్చారు. గోండి, కోయ, సవర వంటి భాషలు మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు తెలుగు వనరు కూడా రెండో భాష వనరే. స్థానిక ఉపాధ్యాయులు తమ ఫోన్‌లోనే రికార్డు చేసుకునే కథలు, మాటలు అక్కడ బాగా ఉపయోగపడతాయి.

పరిశోధనలు చెప్పేది

డిజిటల్ సాధనాల వల్ల చదువు మెరుగవుతుందా అన్న ప్రశ్నకు వేర్వేరు దేశాల అధ్యయనాలు వేర్వేరు జవాబులిచ్చాయి. వాటి మధ్య తేడా ఎక్కడుందో చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది.

పెరూలో 'పిల్లవాడికో ల్యాప్‌టాప్' పథకాన్ని 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పరిశీలించారు. దాదాపు 15 నెలల తరువాత చూసినా లెక్కలు, భాషల్లో మార్కులు పెరగలేదు. పిల్లల చేతికి యంత్రం అందింది గానీ తరగతిలో బోధించే తీరు మారలేదు.

ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌పై కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ జరిపిన అధ్యయనం 2019లో ప్రచురితమైంది. బడి వేళల తరువాత నడిచిన కేంద్రాల్లో విద్యార్థి ఏ స్థాయిలో ఉంటే అక్కడి నుంచే సాఫ్ట్‌వేర్ ప్రశ్నలు మొదలుపెట్టేది. చిన్న బృందాలకు ట్యూటర్ల సాయం కూడా ఉండేది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మేర మెరుగుదల కనిపించింది. ఎనిమిదో తరగతిలో కూర్చుని నాలుగో తరగతి స్థాయిలో ఉన్న పిల్లవాడికి ఎనిమిదో తరగతి వీడియో ఎంత బాగున్నా అందదు. ఈ కార్యక్రమం ఆ ఇబ్బందిని నేరుగా పట్టించుకుంది.

గుజరాత్‌లో లీ లిండెన్ చేసిన అధ్యయనంలో ఒకే సాఫ్ట్‌వేర్ రెండు విధాలుగా పనిచేసింది. బడి సమయంలో ఉపాధ్యాయుడి బోధనకు బదులుగా పెట్టినప్పుడు పిల్లలు నష్టపోయారు. బడి తరువాత అదనంగా ఇచ్చినప్పుడు లాభపడ్డారు. పాకిస్థాన్‌లోని పంజాబ్ రాష్ట్రంలో జరిగి, 2022లో ప్రచురితమైన అధ్యయనం ఇంకాస్త స్పష్టంగా మాట్లాడింది. వీడియో పాఠాలను ఉపాధ్యాయుడి చేతికి ఇచ్చి తరగతిలో వాడించినప్పుడు ఎనిమిదో తరగతి విద్యార్థులు నాలుగు నెలల్లోనే మెరుగయ్యారు. అలాంటి సామగ్రినే ట్యాబ్‌లలో నింపి ఉపాధ్యాయుడిని పక్కనపెట్టి నేరుగా ఆరో తరగతి పిల్లలకు ఇచ్చినప్పుడు ఫలితాలు పడిపోయాయి.

పరికరం ఖరీదైనదే కానక్కర్లేదని బోట్స్‌వానాలో 2020లో జరిగిన ప్రయోగం చూపింది. బడులు మూతపడిన రోజుల్లో మామూలు ఫోన్లకు ఎస్ఎంఎస్‌లో లెక్కలు పంపి, వారానికోసారి ఫోన్ చేసి మాట్లాడితే పిల్లలు నేర్చుకున్నారు. 2023లో యునెస్కో వెలువరించిన ప్రపంచ విద్యా నివేదిక కూడా సాంకేతికత ఎవరి అవసరాల కోసం వస్తోందన్న ప్రశ్నను ముందుకు తెచ్చింది. అదే ఏడాది స్వీడన్ చిన్న తరగతుల్లో అచ్చు పుస్తకాలకు మళ్లీ ప్రాధాన్యం ఇవ్వడానికి నిధులు కేటాయించింది.

సదుపాయాలు, అంతరాలు

కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ 2023-24 నివేదిక ప్రకారం దేశంలోని పాఠశాలల్లో 57.2 శాతానికి కంప్యూటర్లు, 53.9 శాతానికి ఇంటర్నెట్ ఉన్నాయి. బడిలో పరికరం ఉండటానికి, అది పనిచేయడానికి మధ్య చాలా దూరం ఉంది. వేసవి సెలవుల్లో దుమ్ముపట్టిన ప్రొజెక్టర్ లెన్సు, వోల్టేజీ హెచ్చుతగ్గులకు కాలిపోయిన యూపీఎస్, వారంటీ ముగిశాక బాగుచేసేవారు లేని ప్యానెల్ ఉపాధ్యాయులకు కొత్త కాదు. కొనుగోలుకు ఉన్నంత నిధులు నిర్వహణకు ఉండటం లేదు. కేరళ ఈ విషయంలో భిన్నమైన దారి పట్టింది. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టును కైట్ అనే ప్రభుత్వ సంస్థగా మార్చి, ఉచిత సాఫ్ట్‌వేర్‌ను వాడుతూ, ఉపాధ్యాయులనే శిక్షకులుగా తయారుచేసింది.

ఇంటర్నెట్ లేనిచోట పనిచేసే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. ఫెట్ అనుకరణలను పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు. కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక చిన్న కంప్యూటర్‌లో పాఠాలు నింపి, ఇంటర్నెట్ అవసరం లేకుండా తరగతిలోని ఫోన్లకు, ట్యాబ్‌లకు వైఫై ద్వారా అందిస్తుంది.

ఇళ్లలో ఫోన్ ఉండటం చదువుకు హామీ కాదు. 2024 అసర్ గ్రామీణ సర్వేలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82.2 శాతం మంది స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని చెప్పారు. వారిలో అంతకు ముందు వారంలో ఏదో ఒక చదువు పనికి దాన్ని వాడినవారు 57 శాతం కాగా, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం.

హక్కులు, పిల్లల సమాచార రక్షణ

ఆన్‌లైన్‌లో కనిపించేదంతా ఉచితంగా పంచుకోదగినది కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ బోధన క్రమంలో ఉపాధ్యాయుడు, విద్యార్థి రచనలను వాడుకోవడానికి కొంత వెసులుబాటు ఇస్తుంది. అవే రచనలను బడి యూట్యూబ్ ఛానల్లో పెట్టడం వేరే సంగతి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉన్న వనరులు ఎంచుకుంటే, మూలకర్తల పేరు చెబుతూ లైసెన్సు షరతుల మేరకు పంచుకోవచ్చు. సార్వత్రిక విద్యా వనరులపై యునెస్కో 2019లో ఒక సిఫార్సు ఆమోదించింది.

పిల్లల పేర్లు, ఫొటోలు, మార్కులు నమోదు చేసే యాప్‌లను ఎంచుకునేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగా గుర్తించి, వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలని చెప్పింది. క్విజ్‌లో అసలు పేర్లకు బదులు రోల్ నంబర్లు వాడటం, వాట్సాప్ గ్రూపులో పిల్లల మార్కుల జాబితా పెట్టకపోవడం వంటివి ఏ ఖర్చూ లేని జాగ్రత్తలు.

కృత్రిమ మేధ

2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలయ్యాక ప్రశ్నపత్రాలు, పాఠ్య ప్రణాళికలు, వర్క్‌షీట్లు తయారుచేసుకోవడానికి ఉపాధ్యాయులు ఇలాంటి సాధనాలను వాడటం మొదలుపెట్టారు. 2025లో తెలంగాణ కొన్ని జిల్లాల ప్రాథమిక పాఠశాలల్లో చదవడం, లెక్కల అభ్యాసానికి కృత్రిమ మేధ ఆధారిత కంప్యూటర్ తరగతులు ప్రారంభించింది. ఈ సాధనాలు తెలుగులో నమ్మకంగా కనిపించే తప్పులు చెప్పగలవు. ఛందస్సు, స్థానిక చరిత్ర, పారిభాషిక పదాల్లో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. ఇంటిపనికి జవాబు రాసిచ్చే సాధనం ఇంట్లోనే అందుబాటులోకి రావడంతో, పిల్లవాడు సొంతంగా ఆలోచించే పని మళ్లీ తరగతి గదిలోనే జరగాల్సి వస్తోంది. ల్యాప్‌టాప్, ట్యాబ్‌ల విషయంలో వివిధ దేశాల పరిశోధనలు తేల్చినదే కృత్రిమ మేధకూ వర్తిస్తుంది. ఉపాధ్యాయుడి చేతిలో అది వర్క్‌షీటు రాసే శ్రమను తగ్గిస్తుంది. అలా మిగిలిన సమయం పిల్లల నోటుపుస్తకాలు చూడటానికి, వాళ్లను ప్రశ్నలు అడగడానికి వెచ్చిస్తేనే దాని వల్ల చదువుకు లాభం.